యాదగిరి షెడ్డులో నా క్లచ్ పరిశోధన

ఏ జబ్బూ లేని కారును మూడుసార్లు వైద్యానికి తీసుకెళ్లి, నాలుగోసారి పట్టుబట్టి దాని పొట్ట కోయించిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే విచారించకండి. ఆ మనిషి ఇప్పుడు మీతో మాట్లాడుతున్నాడు. ఆ కోత జరిగింది నా భార్య డ్రైవింగ్ పరీక్షకు సరిగ్గా రెండు రోజుల ముందు. ఇంత చెప్పాక కూడా నేను ఇంకా సంసారం చేస్తూ, వేళకు భోజనం చేస్తూ ఉన్నానంటే అది మా ఆవిడ గొప్పతనం. మిగతా ఘనత అంతా నాదే.

నేను మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తాను. కంగారుపడకండి, నాకు సాఫ్ట్‌వేర్ రాదు. కుర్చీ విరిగితే బాగుచేయించడం, ఏసీ మొరాయిస్తే మనిషిని పిలిపించడం, కాఫీ మిషన్ దగ్గర తగాదాలు తీర్చడం నా ఉద్యోగం. చుట్టూ అందరూ పెద్ద చదువుల వాళ్లే. నేను ఇంటర్మీడియట్‌తో ఆగినవాణ్ని. మిగతా చదువంతా మియాపూర్‌లో మా ఇంటికి దగ్గరున్న శాఖా గ్రంథాలయంలో, ఫ్యాను సరిగ్గా తిరిగే ఒకే ఒక్క బల్ల దగ్గర కూర్చుని నాకు నేనే చెప్పుకున్నాను. తేనెటీగల పెంపకం, హోమియోపతి, నౌకాయానం, పాము కాటుకు ప్రథమ చికిత్స, అన్నీ చదివాను. నా జన్మలో ఒక్క తేనెటీగను పెంచలేదు. కానీ పెంచేవాడు ఎదురైతే అతను చేస్తున్న తప్పేమిటో నిలబెట్టి చెప్పగలను.

ఆ వానాకాలం నా చేతికి మోటారు వాహనాల మరమ్మతుల మీద ఒక లావుపాటి పుస్తకం దొరికింది. అట్ట లేదు. మొదటి ముప్పై పేజీలు లేవు. "దాన్ని ఎవరూ తీసుకెళ్లరండీ, చిత్తుకు వేద్దామనుకుంటున్నాం" అన్నాడు లైబ్రేరియన్. పోయినవి ముందుమాటలే అయి ఉంటాయని నాకు నేను సర్దిచెప్పుకుని, దాన్ని చంటిబిడ్డలా గుండెకు హత్తుకుని ఇంటికి తెచ్చాను. వారం తిరిగేసరికి ఇంజను నా మనసులో తెరిచిన పుస్తకం అయింది. తెరవని పుస్తకం ఒకటి మా అపార్ట్‌మెంట్ సెల్లారులో నిలబడి ఉంది. అది మా కారు.

ఇప్పుడు పద్మజ సంగతి చెప్పాలి. పద్మజ మా ఆవిడ. ఆవిడ ఆఫీసును మాదాపూర్ నుంచి ఎత్తి కోకాపేట అవతల పెట్టారు. అక్కడికి మెట్రో లేదు, ఆవిడ వేళలకు బస్సు లేదు. కారు నేర్చుకోక తప్పలేదు. మొదటిసారి పరీక్షకు వెళ్లినప్పుడు ఎత్తు మీద ఆపి ముందుకు పోనివ్వమంటే ఇంజను రెండుసార్లు ఆగిపోయి, ఫెయిలయింది. రెండో పరీక్ష ఒక శుక్రవారం నాడు పెట్టారు. ఆ మర్నాడు శనివారంతో ఆవిడ లర్నర్స్ లైసెన్సు గడువు అయిపోతుంది. అంటే శుక్రవారం తప్పితే కథ మళ్లీ మొదటికి వస్తుంది. కొత్త ఆఫీసులో హాజరు మాత్రం సోమవారం నుంచే.

సరిగ్గా అప్పుడే, వానలు మొదలైన వారానికి, కారు జబ్బుపడింది. గేరు మార్చబోతే జంతికలు నమిలినట్టు కరకరమనేది. సిగ్నల్ దగ్గర ఆపితే ఒకసారి ఎగిరిపడి, చచ్చిపోయేది.

"ఏవండీ, క్లచ్ పూర్తిగా తొక్కినా ఇది ముందుకు దూకుతోంది. నా వల్ల తప్పా, దాని వల్ల తప్పా?" అంది పద్మజ ఏడుపు గొంతుతో.

నేను నడిపి చూశాను. నాకూ కరకరమంది. పద్మజ ముఖం వెలిగింది. తన తప్పు కాదని తేలినందుకు. నా ముఖం అంతకన్నా వెలిగింది. చదివిన పుస్తకం వారంలోనే అక్కరకొచ్చే అదృష్టం ఎంతమందికి పడుతుంది చెప్పండి?

"క్లచ్ ప్లేటు. నూట పన్నెండో పేజీ," అన్నాను.

కొండాపూర్‌లో అద్దాల మేడకూ, ఆడపిల్లల హాస్టలుకూ మధ్య ఇరుకులో ఒక రేకుల షెడ్డు ఉంది. దాని యజమాని యాదగిరి. కొండాపూర్ ఇంకా పల్లెగా ఉన్నప్పుడు పుట్టిన మనిషి. ఇంజను మీద పొడవాటి స్క్రూడ్రైవర్ ఆనించి, రెండో కొస చెవికి పెట్టుకుని, కళ్లు మూసుకుని జబ్బు చెప్పేస్తాడు. పుస్తకం అనే వస్తువుతో అతనికి పరిచయం లేదు. అందుకే అతనికి నేను అవసరమని నాకు అనిపించింది.

గ్యారేజీకి వెళ్లే ముందు కారులోంచి తీయాల్సినవన్నీ తీసేశాను. ఇది మా ఇంటి ఆచారం. డాష్‌బోర్డు మీది వినాయకుణ్ని పూజగదిలో పెట్టి, సీటు మీది తువ్వాలు మడిచి, కాళ్ల దగ్గరి మందపాటి చాపలూ వాటి కిందివీ తీసి బాల్కనీలో ఆరబెట్టాను. మెకానిక్కులు గ్రీజు కాళ్లతో ఎక్కి దిగితే ఆ చాపల గతి ఏమిటో నాకు తెలుసు. కట్టుకున్న పట్టుచీరతో ఎవరూ ఆస్పత్రిలో చేరరు కదా.

యాదగిరి కారు ఎక్కి, బొటానికల్ గార్డెన్ దాకా పోయి, తిరిగొచ్చాడు.

"ఏం లేదు సార్. గేరు మక్ఖన్ లెక్క, ఎన్నపూస లెక్క పడుతున్నది."

"లేదండీ. పొద్దున కరకరమంది."

"నా కాడ అంటలేదు మరి."

"మీరు సరిగ్గా వినలేదేమో."

యాదగిరి స్క్రూడ్రైవర్ చెవి దగ్గర్నుంచి దింపి నన్ను పైనుంచి కిందికి చూశాడు. "సార్, ముప్పై ఏండ్ల సంది వింటున్న. మీరు ఎన్నొద్దుల సంది వింటుండ్రు?"

పది రోజుల నుంచి అని చెప్పడం బాగుండదని తాళం అందుకుని బయల్దేరాను. ఇంటికొచ్చి, చాపలూ గట్రా ఎక్కడివక్కడ పరిచి, సాయంత్రం పద్మజను వీధుల్లో నడిపించాను. కర్, కర్, కర్!

రెండోసారి వెళ్లాను. మళ్లీ వినాయకుడు పూజగదికి, చాపలు బాల్కనీకి. షెడ్డులో మళ్లీ కారు బంగారం. ఇంటికొచ్చాక మళ్లీ కరకర. ఇక్కడే నాలోని పరిశోధకుడు లేచి కూర్చున్నాడు. ఒక పొడుగు నోటుపుస్తకం తీసి గీతలు గీశాను. వేళ, వాన, ఎండ, పెట్రోలు, రోడ్డు వాలు, చివరి గడిలో 'కరకర: ఉంది / లేదు'. నాలుగు రోజులు రాసేసరికి సత్యం సూర్యుడిలా ఉదయించింది. జబ్బు మియాపూర్‌లో ఉంది, కొండాపూర్‌లో లేదు! మా సెల్లారులో తేమ ఎక్కువ, యాదగిరి షెడ్డు రేకుల కింద వేడి ఎక్కువ. కాబట్టి తేమకు క్లచ్ ప్లేటు ఉబ్బుతోంది, వేడికి ఆరుతోంది. వానలతో పాటే జబ్బు మొదలవడం దీనికి తిరుగులేని సాక్ష్యం. చంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా వెతికిన తల్లి గురించి విన్నారు కదా. ఆవిడ కనీసం నోటుపుస్తకంలో పట్టిక గీయలేదు.

మూడోసారి పద్మజ కూడా వచ్చింది. షెడ్డు ముందు తనే నడిపి చూసి, దిగి, అయోమయంగా నిలబడింది.

"ఇక్కడ బాగానే ఉందండీ! ఈ కారుకు యాదగిరి గారంటే భయమేమో!"

"మా తమ్ముడు బడికి పొయ్యేటప్పుడు గిట్లనే కడుపునొప్పి అనేటోడు అమ్మా," అన్నాడు యాదగిరి. "మా నాయిన కనవడంగనే తక్కువయ్యేది."

"నవ్వులాట కాదు. క్లచ్ ప్లేటు ఉబ్బింది. దింపి చూడండి," అన్నాను.

"ప్లేటు ఉబ్బుతదా? అదేమన్న పూరీనా సార్?"

"తేమకు."

"పద్మజమ్మా, జర మీరన్న చెప్పుండ్రి. బాగున్న బండి గేరుబాక్స్ దింపమంటే ఎట్ల? రెండొద్దుల పని. శుక్రారం మీకు టెస్టు ఉన్నదంటిరి."

పద్మజ నా వైపు చూసింది. ఆ చూపులో నమ్మకం పావు, భయం ముప్పావు ఉన్నాయి. నేను పుస్తకం నూట పన్నెండో పేజీ తెరిచి, బొమ్మ మీద వేలు పెట్టాను. అచ్చులో ఉన్న బొమ్మకు ఎదురు చెప్పడం ఎవరికీ సులువు కాదు. ఆవిడ నిట్టూర్చి, "ఈయన అన్నీ చదివే చెబుతారులెండి," అంది. నా పెళ్లయిన పదకొండేళ్లలో ఇంత తీపి మాట వినలేదు. ఆ తీపే కొంప ముంచింది.

యాదగిరి ఒక పని చేశాడు. బిల్లు పుస్తకం వెనక అట్ట చించి నా చేతికిచ్చాడు.

"రాసియ్యుండ్రి సార్. 'బండి బాగనే ఉన్నదని యాదగిరి చెప్పిండు, గేరుబాక్స్ నేనే ఇప్పించిన' అని. రేపు ఎవరన్న అడిగితె నా ఇజ్జత్ పోవద్దు."

రాశాను. రాయడమే కాదు, కింద తేమ వల్ల ప్లేటు ఉబ్బే విధానం బొమ్మ గీసి, భాగాలు గుర్తించి, సంతకం పెట్టాను.

బుధవారం ఆఫీసుకు సెలవు పెట్టి, షెడ్డులో బల్ల మీద పుస్తకంతో కూర్చున్నాను. యాదగిరి కారు కింద దూరాడు. నేను పైనుంచి పేజీలు చదువుతూ మార్గదర్శనం చేశాను.

"ముందు కార్బురేటర్ విప్పండి."

కారు కింద పానా టంగుమని నేల మీద పడింది. తర్వాత గొంతు వినిపించింది. "సార్, గా పుస్తకం ఎన్నటిది?"

"జ్ఞానానికి వయసేమిటండీ?"

"దీంట్ల కార్బురేటర్ ఉండదు సార్. అది మా నాయిన జమానల ఉండె. జర పుస్తకం మూసి చాయ్ తాగుండ్రి."

మధ్యాహ్నానికి గేరుబాక్స్ నేల మీదికి దిగింది. యాదగిరి క్లచ్ ప్లేటు బయటికి తీసి, గుడ్డతో తుడిచి, రెండు చేతులతో నాకు అందించాడు. పురిటిగదిలోంచి మంత్రసాని బిడ్డను తెచ్చినట్టు.

"చూడుండ్రి. పెండ్లిపీట ఎక్కే పెండ్లికొడుకు లెక్క నిగనిగలాడుతున్నది. ఇంకో నలభై వేల కిలోమీటర్లు దీనికి ఏం కాదు."

కొండను తవ్వి ఎలుకను పట్టారంటారు. నేను కొండను తవ్వించాను, ఎలుక కూడా లేదు. మరొకడైతే అక్కడే కుంగిపోయేవాడు. నేను చదువుకున్నవాణ్ని.

"చూశారా! క్లచ్ ప్లేటు కాదని నిరూపించాం!" అన్నాను విజయగర్వంతో.

"అది నేను మొన్ననే చెప్పిన కద సార్."

"మీరు చెప్పారు. నేను నిరూపించాను. తేడా ఉంది."

యాదగిరి మళ్లీ కారు కిందికి పోయాడు. గురువారం సాయంత్రానికి అన్నీ బిగించి తాళం ఇచ్చాడు. నడిపి చూస్తే మక్ఖన్! విప్పి బిగించడంలోనే ఏదో సర్దుకుందని, అసలు కోత కోయించిన నా తెగువే కారును బతికించిందని దారంతా ఆనందించాను. ఆ ఉత్సాహంలో సెల్లారులో కారును పెళ్లికూతురిలా ముస్తాబు చేశాను. వినాయకుడు వచ్చాడు, తువ్వాలు వచ్చింది. కాళ్ల దగ్గర అన్నీ మామూలుకన్నా ఘనంగా పరిచాను. బయట వాన కురుస్తోంది మరి.

శుక్రవారం పొద్దున పద్మజ కారు ఎక్కింది. సందు మలుపు తిరగకముందే కర్ మంది. పరీక్ష ట్రాక్ దగ్గరికి చేరేలోగా నాలుగుసార్లు ఎగిరి, మూడుసార్లు ఆగింది. పరీక్షకు వరుసలో మా ముందు ఎనిమిది కార్లున్నాయి. పద్మజ స్టీరింగ్ మీద తల ఆనించింది.

"ఏవండీ, నాతో ఒక్క ముక్క మాట్లాడకండి. మీ పుస్తకం మాట అసలే ఎత్తకండి. యాదగిరి గారికి ఫోన్ చేయండి."

చేశాను. పదిహేను నిమిషాల్లో యాదగిరి స్కూటర్ మీద వచ్చేశాడు, తడిసిన చొక్కాతో. "గేరుబాక్స్ ఇప్పింది నేను. ఇప్పుడు పోతె నా పేరే పోతది. అమ్మా, జర దిగుండ్రి," అని సీట్లో కూర్చుని క్లచ్ తొక్కాడు.

అతని ముఖం మారింది. మళ్లీ తొక్కాడు. తల వంచి కిందికి చూశాడు. తర్వాత చాలా నెమ్మదిగా, గర్భగుడిలో తెర తీసినట్టు, కాళ్ల దగ్గరి చాపను పైకెత్తాడు. దాని కింద పీచు చాప. దాని కింద మడతపెట్టిన దినపత్రిక. దాని కింద ఇంకో దినపత్రిక. యాదగిరి ఒక్కొక్కటే తీసి బయటికి అందిస్తుంటే పద్మజ అందుకుంటోంది. గురువారం, బుధవారం, మంగళవారం, ఆదివారం అనుబంధంతో సహా.

"సార్, ఇదేంది?"

"తేమ పీల్చడానికండీ. పత్రిక కాగితానికి ఆ గుణం ఉంది. గృహ చిట్కాల పుస్తకంలో..."

"ఎన్నొద్దుల సంది పెడుతుండ్రు?"

"వానలు మొదలైనప్పటి నుంచీ."

"క్లచ్ పెడల్ కిందిదాక పోవాలె. గీ పేపర్ల మీద ఆగిపోతున్నది. ఆడికె ఆగితె గేరు కర్ అనక ఏమంటది? మరి నా కాడికి తెచ్చినప్పుడు ఇవన్నీ ఏడ వోయినయ్?"

నేను ఆకాశం వైపు చూశాను. వాన వెలిసింది. సాయం రాలేదు.

"బాల్కనీలో," అంది పద్మజ, నా బదులు. "మీ గ్రీజు కాళ్లు పడకూడదని ప్రతిసారీ తీసి దాచారు."

ముందు కారులోంచి ఒకాయన తల బయటపెట్టి నవ్వాడు. వెనక కారులో మొత్తం కుటుంబం నవ్వింది. యాదగిరి మాత్రం నవ్వలేదు. స్టీరింగ్‌కు దండం పెట్టాడు. "పాపం, నిన్ను అనవసరంగ కోసినం తల్లీ," అన్నాడు కారుతో.

ఇంతలో పద్మజ పేరు పిలిచారు. ఆవిడ పది రోజుల వార్తలు నా చేతుల్లో కుక్కి, సీట్లో కూర్చుని, క్లచ్ తొక్కింది. పెడల్ నేలను తాకింది. ఆవిడ కళ్లు పెద్దవయ్యాయి.

ఆ తర్వాత జరిగింది నేను ట్రాక్ కంచె పట్టుకుని చూశాను. ఎనిమిది ఆకారంలో తిరిగింది. కొలిచి గీసినట్టు వెనక్కి పెట్టింది. ఎత్తు మీదికి ఎక్కి ఆగింది. యాదగిరి నా మోచేయి గట్టిగా పట్టుకున్నాడు. కారు వెనక్కి అంగుళం కూడా జారలేదు. ఇంజను మూలగలేదు. ఏనుగు మీది అంబారీలా నింపాదిగా ముందుకు కదిలింది. మరి కదలదా? నెల రోజులుగా సగం క్లచ్‌తో, ఆ మిగిలిన కాస్త చోటులోనే బండిని బతికించడం నేర్చుకుంది. కాళ్లకు కట్టేసిన తాడుతోనే మైదానమంతా పరిగెత్తిన మనిషికి తాడు విప్పితే ఆపేదెవరు?

పరీక్ష చేసిన ఇన్‌స్పెక్టర్ మేడమ్ కాగితం మీద సంతకం పెడుతూ, "స్లోప్ మీద ఇంత మంచి క్లచ్ కంట్రోల్ ఈ మధ్య చూడలేదమ్మా. ఎవరు నేర్పించారు?" అని అడిగారు.

నేను ఒక అడుగు ముందుకేశాను. గొంతు సవరించుకున్నాను. "నేనేనండి. ఒక ప్రత్యేకమైన పద్ధతిలో..."

"పేపర్లు నేర్పినయ్ మేడమ్," అన్నాడు యాదగిరి, నా చంకలోని కట్ట చూపిస్తూ.

కథ అక్కడితో ముగిసిందనుకున్నాను. నెల తర్వాత ఆ దారిన ఆఫీసుకు పోతుంటే యాదగిరి షెడ్డు మీద కొత్త బోర్డు కనిపించింది. నీలం రంగు మీద తెల్లటి అక్షరాలు: 'బండి ఇంట్ల ఎట్లుంటదో గట్లనే తెండ్రి. చాపలు, పేపర్లు తియ్యకుండ్రి.' చదివి కదలలేకపోయాను. జీవితమంతా ఇతరులు రాసినవే చదువుతూ వచ్చిన నాకు, నా పరిశోధన ఫలితం నడిరోడ్డు మీద అచ్చయి కనిపించింది. హాస్టల్ ఆడపిల్లలు చదువుతున్నారు, క్యాబ్ డ్రైవర్లు చదువుతున్నారు. "ఇదేందన్నా?" అని అడిగినవాళ్లందరికీ యాదగిరి పనాపి, స్టూలు వేసి, మొదటినుంచి చెబుతాడట. వాహనాల మరమ్మతు శాస్త్రానికి నా కానుక అది. తేనెటీగలు కూడా నన్ను ఇంత గొప్పవాణ్ని చేయలేకపోయాయి.

వైద్యుడి దగ్గరా వకీలు దగ్గరా ఏదీ దాచకూడదన్నారు పెద్దలు. వాళ్ల కాలంలో కార్లు లేక మెకానిక్కును వదిలేశారు. ఆ లోటు నేను పూరిస్తున్నాను. శాఖా గ్రంథాలయంలో తిరిగే ఆ ఒక్క ఫ్యాను సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట మా కారు షెడ్డుకు పోతే చాపలతో, కాగితాలతో, వినాయకుడితో సహా, ఒక్క పూచికపుల్ల కూడా తీయకుండా పోతుంది. ఈ ప్రమాణం ఇప్పటివరకూ అక్షరాలా అమలవుతోంది. సర్వీసింగుకు ఇప్పుడు పద్మజే తీసుకెళ్తుంది. బయల్దేరే ముందు ఆవిడ కారులోంచి తీసి ఇంట్లో పెట్టే వస్తువు ఒక్కటే. నేను.